ఉగాది సంబరాల ఆటల మూల: ప్యాడ్లు ఎన్ని, స్టిక్‌లు ఎన్ని?

హైదరాబాద్ నుంచి, ఆటల మూల బాధ్యత:

అందరికీ నమస్కారం. సంక్రాంతికి ఎలాగూ హైదరాబాద్ వచ్చాను కాబట్టి డల్లాస్‌లో ఉగాదికి పెట్టబోయే ఆటల మూలకి కంట్రోలర్లు (చేతుల్లో పట్టుకుని ఆడే ప్యాడ్లు, పెట్టె మీద లీవరుండే స్టిక్‌లు) ఇక్కడే చూసుకుని రమ్మన్నారు. వారం రోజులుగా అదే పని. నలభై దాటినవాడు వీడియో గేమ్ షాపుల చుట్టూ తిరగడమేంటని మా అమ్మ రోజూ అడుగుతోంది. ఇప్పటిదాకా తేలింది రాస్తున్నాను. అభ్యంతరాలుంటే శనివారంలోపు చెప్పండి, ఆదివారం కొనేస్తాను.

కన్సోళ్లు, అంటే ఆట నడిపే మెషీన్లు మాత్రం ఇక్కడి నుంచి తేను. ఇక్కడ దొరికే పాత పీఎస్ టూలు (ప్లేస్టేషన్ 2) ఎక్కువగా 230 వోల్టుల కరెంటుకి, పాల్ అనే టీవీ పద్ధతికి చేసినవి. డల్లాస్‌లో 120 వోల్టులు, పాత టీవీల పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. పైగా పాల్ డిస్కుల్లో చాలా ఆటలు 60కి బదులు 50 హెర్ట్జ్‌లోనే నడుస్తాయి. అక్కడి వేగానికి అలవాటు పడ్డవాడికి మోకాల్లోతు నీళ్లలో కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. మీ గరాజుల్లో మూడు పీఎస్ టూలు ఉన్నాయన్నారు, అవి చాలు. కంట్రోలర్లకి ఆ పట్టింపు లేదు. ఇక్కడి ప్యాడ్ అక్కడి మెషీన్‌లో హాయిగా పనిచేస్తుంది.

మనం ఖాయం చేసిన ఆటలు రెండు: టెక్కెన్ 3, స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫా 3. రెండూ పీఎస్ వన్ డిస్కులు, పీఎస్ టూలో నడుస్తాయి. టెక్కెన్‌కి నాలుగే బటన్లు: ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, ఎడమ కాలు, కుడి కాలు. ప్యాడ్ మీద కుడి బొటనవేలి కింద ఉన్న నాలుగూ సరిగ్గా వాటికే. ఆ ఆటకి స్టిక్ కొనడం డబ్బు దండగ. నా చిన్నప్పుడు గంటకింత అని తీసుకునే షాపుల్లో అందరం టెక్కెన్ నేర్చుకున్నది ప్యాడ్ మీదే, ఇప్పటికీ మన బొటనవేళ్లకి అదే గుర్తు.

స్ట్రీట్ ఫైటర్ సంగతి వేరు. 1991లో రెండో భాగం ఆర్కేడ్ డబ్బాలోకి (నాణెం వేసి ఆడే మెషీన్) వచ్చినప్పటి నుంచీ దానికి ఆరు బటన్లు: పైవరసలో మూడు గుద్దులు, కిందివరసలో మూడు తన్నులు. ప్లేస్టేషన్ ప్యాడ్‌లో నాలుగు బొటనవేలికి పోతే మిగతా రెండూ పైనున్న భుజం బటన్లకి పోతాయి. సెగా వాళ్లకైతే ఇంకా ఇబ్బంది. మెగా డ్రైవ్ ప్యాడ్‌కి ఉన్నవే మూడు బటన్లు, స్టార్ట్ నొక్కి గుద్దుల నుంచి తన్నులకి మారాల్సి వచ్చేది. ఆ బాధ పడలేకే 1993లో ఆరు బటన్ల ప్యాడ్ తెచ్చారు. కాబట్టి స్టిక్‌లు పెడితే స్ట్రీట్ ఫైటర్ టేబుల్ దగ్గరే పెట్టాలని నా ఉద్దేశం.

నా లెక్క: టెక్కెన్‌కి రెండు టేబుళ్లు, నాలుగు ప్యాడ్లు, అదనంగా రెండు. స్ట్రీట్ ఫైటర్‌కి ఒక టేబుల్, రెండు స్టిక్‌లు, స్టిక్ రానివాళ్లకి రెండు ప్యాడ్లు. మొత్తం ఎనిమిది ప్యాడ్లు, రెండు స్టిక్‌లు.

కోశాధికారి:

తమ్ముడూ, ఎనిమిది ప్యాడ్లూ కొత్తవే తీసుకో, బిల్లు తీసుకో. ఆన్‌లైన్‌లో 350 రూపాయలకే కనిపిస్తున్నాయి. పాతవి ఎందుకు?

టోర్నమెంట్ చూసుకునే తమ్ముడు:

అన్నా, రెండు స్టిక్‌లేంటి? అందరికీ స్టిక్‌లే పెడదాం. ఫోటోల్లో బాగుంటుంది. నా దగ్గర కొత్త కన్సోల్‌ది యూఎస్‌బీ స్టిక్ ఒకటుంది, అది కూడా తెస్తా.

హైదరాబాద్ నుంచి:

అన్నా, ఆ 350 రూపాయల ప్యాడ్ సంగతి చెప్తాను వినండి. ఆబిడ్స్ వైపు ఒక షాపులో సీల్ తీయని డబ్బా ఇచ్చి "ఒరిజినల్ సార్, కంపెనీ మాల్" అన్నాడు. షాపులోనే చిన్న టీవీకి పీఎస్ టూ తగిలించి ఉంది. కొనేముందు ఆడి చూస్తానన్నాను. స్ట్రీట్ ఫైటర్‌లో ర్యూ అనే యోధుణ్ణి తీసుకుని ఎడమవైపు నిలబడి పది హడోకెన్లు (చేతుల్లోంచి వదిలే శక్తి బంతులు) వేశాను. కింద, కింద-ముందు మూల, ముందు, గుద్దు: అంతే కదా. ఆరు వచ్చాయి. కుడివైపుకి మారి పది వేస్తే మూడు. నా బొటనవేలిదే తప్పేమోనని షాపు కుర్రాడిచేత వేయించాను, వాడికీ అదే పరిస్థితి. డి-ప్యాడ్ (దిక్కులకి వాడే ప్లస్ గుర్తు బటన్) నట్టనడుమ గట్టిగా నొక్కితే నాలుగు దిక్కులూ ఒకేసారి దిగిపోతున్నాయి. కింద ఉన్న రబ్బరు మెత్త, మధ్యలో ఆనిక లేదు. అందుకే ఆ మూల దొరకదు. రేసింగ్ ఆటకైతే ఎవరికీ తెలియదు కానీ, ఫైటింగ్ ఆట మొత్తం ఆ మూల మీదే నడుస్తుంది.

మర్నాడు ఎర్రగడ్డ ఆదివారం సంతలో గోనె మీద పోసిన చార్జర్లు, రిమోట్ల కుప్పలోంచి మూడు అసలైన డ్యూయల్ షాక్ 2లు (పీఎస్ టూ కంపెనీ ప్యాడ్లు) తీశాను. వెనక ఎస్‌సీపీహెచ్-10010 అని ఉంటుంది, ముందు అది చూసుకోవాలి. తర్వాత డి-ప్యాడ్ గుండ్రంగా తిప్పి చూడాలి, ఎక్కడా పట్టకూడదు. తర్వాత ప్లగ్ దగ్గర వైరు వంచి చూడాలి, పాతవాటిలో చచ్చేది ముందు అక్కడే. ఒక్కోటి 600 చెప్పాడు, 400కి ఇచ్చాడు. అన్నా, బిల్లు మాత్రం అడక్కండి. ఇంటికొచ్చి విప్పి, రబ్బరు కింద దుమ్ము స్పిరిట్‌తో తుడిచాక ఒక్కోదాంతో పదికి పది వచ్చాయి. మిగతా ఐదు కూడా ఇలాగే ఏరుతాను.

తమ్ముడూ, నీ యూఎస్‌బీ స్టిక్ పీఎస్ టూకి పనికిరాదు. ముందు యూఎస్‌బీ కంత కనిపిస్తుంది కానీ మన ఆటలు దాన్ని పట్టించుకోవు. కన్వర్టర్ పెట్టొచ్చు, కానీ సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు. నాసిరకం కన్వర్టర్ రెండు మూడు ఫ్రేములు మింగితే బ్లాక్ చేశాననుకున్నవాడు దెబ్బ తింటాడు. ఓడిపోయినవాళ్లు నీ దగ్గరికే వస్తారు, చూసుకో.

"అందరికీ స్టిక్‌లే" అన్నదానికి కూడా నాకు మనసొప్పడం లేదు. వచ్చేవాళ్లలో సగం మంది పదేళ్ల పిల్లలు. స్టిక్ ఎప్పుడూ ముట్టనివాడికి దాని అలవాటు రావడానికి మధ్యాహ్నం చాలదు, వాడి వంతు మూడు నిమిషాలు.

టోర్నమెంట్ చూసుకునే తమ్ముడు:

సరే అన్నా. మరి ఆ రెండు స్టిక్‌లు ఎక్కడ దొరికాయి?

హైదరాబాద్ నుంచి:

దొరకలేదు, చేయించాను. ఇక్కడ "జాయ్‌స్టిక్" అంటే ప్యాడే తీసి ఇస్తారు. "ముస్తఫా డబ్బా మీద ఉండేది, గుండ్రటి తలకాయది" అని చెప్తే గానీ ఒక్కడికీ వెలగలేదు. ఆ ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అంటే మన ఊళ్లో ఎవరికి తెలుసు!

లీవర్లు, బటన్లు ఆన్‌లైన్‌లో తెప్పించాను. లీవర్ సన్వా జేఎల్‌ఎఫ్, బటన్లు అదే కంపెనీవి 30 మిల్లీమీటర్లవి, నొక్కితే క్లిప్పు పడేవి. పెట్టె మాత్రం మా వీధి కార్పెంటర్‌తో 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో చేయించాను. నున్నగా, ముచ్చటగా వచ్చింది. బటన్ పెడితే మాత్రం నిలవదు. వేలు పెట్టి కాస్త పక్కకి తోస్తే ఊడి చేతిలోకి వస్తోంది. ఆ క్లిప్పులు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల రేకునో ప్లాస్టిక్‌నో పట్టుకోవడానికి చేసినవి. అంత మందం చెక్కకి మర బిగించే రకం బటన్లు వేరే ఉంటాయి. తప్పు కార్పెంటర్‌ది కాదు, అడిగింది చేశాడు. కొలత చూసుకోనిది నేనే.

మళ్లీ కొనడం ఇష్టం లేక, నేమ్ బోర్డులు చేసే షాపులో 3 మిల్లీమీటర్ల ఆక్రిలిక్ షీటు లేజర్‌తో 30 మిల్లీమీటర్ల కంతలు కోయించి పైన బిగించాను. చెక్కలో కంతలు పెద్దవి చేయించి క్లిప్పులకి చోటిచ్చాను. లీవర్ దగ్గర చెక్కని కింది నుంచి తొలిపించాల్సి వచ్చింది, లేకపోతే బంతి మరీ కిందికి కూర్చుంటోంది. ఇప్పుడు గట్టిగా ఉంది.

లోపల మెదడు మాత్రం పాత పీఎస్ వన్ ప్యాడ్‌ది, అనలాగ్ పుల్లలు (బొటనవేలితో తిప్పేవి) లేని మొదటి రకం. దాంట్లో బటన్లన్నిటికీ గ్రౌండ్ (ఉమ్మడిగా కలిసే తీగ) ఒకటే కాబట్టి తీగల పని తేలిక: నాలుగు దిక్కులు, ఆరు బటన్లు, స్టార్ట్, సెలెక్ట్, ఒక గ్రౌండ్. పదమూడు తీగలు. కోఠీ గుజరాతీ గల్లీలో ఫోన్లు బాగుచేసే ఒకాయన గంటలో అతికించాడు. మధ్యలో మూడుసార్లు చాయ్ తాగాడు, నాకూ తాగించాడు.

లీవర్ కింద చతురస్రపు గేటు (లీవర్ కదలికకి హద్దు పెట్టే పలక) అలాగే ఉంచాను. ఎనిమిది మూలలది వేయమని కొందరంటారు. చతురస్రంలో మూలకి తోస్తే మూలే దొరుకుతుంది, కొత్తవాళ్లకి అదే మేలు.

హాల్ ఏర్పాట్లు చూసే అక్క:

తమ్ముడూ, మన ప్రొజెక్టర్ మీద పెడితే అందరికీ కనిపిస్తుంది కదా? ఇంకోటి, ఆ టేబుళ్లు భోజనాల పక్కనే ఉన్నాయి.

హైదరాబాద్ నుంచి:

అక్కా, ప్రొజెక్టర్ చూసేవాళ్లకే. ఆడేవాళ్ల ముందు పాత డబ్బా టీవీ ఉండాలి, బటన్ నొక్కగానే బొమ్మ కదిలేది దాంట్లోనే. పసుపు వైరుని రెండుగా చీల్చి ఒకటి టీవీకి, ఒకటి ప్రొజెక్టర్‌కి ఇద్దాం. డబ్బా టీవీ దొరకని టేబుల్ దగ్గర ఎల్‌సీడీ పెట్టి గేమ్ మోడ్ (ఆలస్యం తగ్గించే సెట్టింగ్) ఆన్ చేద్దాం. గరాజులో పాత టీవీ ఉన్నవాళ్లు దయచేసి ఉగాది దాకా పారేయకండి.

భోజనాల సంగతి బాగా గుర్తుచేశారు. బొబ్బట్టు తిన్న చేత్తో ప్యాడ్ పట్టుకుంటే నెయ్యి జిడ్డుకి బొటనవేలు జారిపోతుంది, పులిహోర పసుపు బటన్ల సందుల్లోంచి పోనే పోదు. టేబుల్‌కో తడి వైప్స్ డబ్బా పెట్టించండి. టేబుల్ మీద గుడ్డ వద్దు, స్టిక్ జారుతుంది. అడుగున రబ్బరు కాళ్లు వేయించాను, ఉత్త చెక్క మీదైతే నిలుస్తాయి.

కోశాధికారి:

ఎయిర్‌పోర్టులో ఆ పెట్టెలు చూసి ఆపరా?

హైదరాబాద్ నుంచి:

ఆపినా ఆపుతారు. లోపల తీగలు, పైన బటన్లు, చూడ్డానికి అదో రకంగానే ఉంది. అందుకే అడుగు పలక నాలుగు మరలతోనే బిగించాను, అడిగితే విప్పి చూపించొచ్చు. రెండూ చెక్-ఇన్ సూట్‌కేసులోనే. స్టిక్‌లలో గానీ ప్యాడ్లలో గానీ బ్యాటరీలు లేవు, అన్నీ వైరువే, ఆ టెన్షన్ లేదు. 23 కిలోల్లో వీటికి ఐదు పోతాయి, మిగతాది అమ్మ పచ్చళ్లది. గోంగూర సీసా స్టిక్ పక్కన వద్దని ఇంట్లో గొడవ నడుస్తోంది.

ఇక మిగిలింది ఒక్కటే. డ్రీమ్‌క్యాస్ట్ (సెగా కన్సోల్) తెస్తానన్న అన్నా, దాని ప్యాడ్‌కి నాలుగు బటన్లు, రెండు ట్రిగ్గర్లే. మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2 అనే ఆటలో అసిస్టులు (తోడు యోధుల్ని పిలిచే బటన్లు) ఆ ట్రిగ్గర్ల మీదికే పోతాయి, వేళ్లు నొప్పెడతాయి. మీ దగ్గర సెగా స్టిక్ ఉంటేనే ఆ ఆట పెడదాం, లేకపోతే సోల్ క్యాలిబర్ పెడదాం. ఉందో లేదో చూసి శనివారంలోపు చెప్పండి.