పండక్కి కావలి పోవాలా, టికెట్లు క్యాన్సిల్ కొట్టాలా?

కావలోడు (11 జనవరి 2022): 13 రాత్రి సింహపురి రైలుకి థర్డ్ ఏసీలో నాలుగు టికెట్లుండాయి, భోగి పొద్దునకి కావలిలో దిగాలి. ఈ కరోనా ఒమిక్రాన్ గోలలో పోవాలో వద్దో తేలట్లా. ఊళ్లో ఉండే నాయనకి షుగరు, రెండో డోసు పోయిన మేలో పడింది, 9 నెలలు నిండాలంట కాబట్టి బూస్టరు ఫిబ్రవరి దాకా లేదు, పిల్లోళ్లకి టీకానే లేదు. ఈ రాత్రి దాటితే 48 గంటల లోపలికి వచ్చేస్తాం, ఇప్పుడు క్యాన్సిల్ కొడితే మనిషికి 180, దానికి తోడు జీఎస్టీ పోతాయి, తర్వాతైతే పావు వంతు గోవిందా.

పెన్నాగట్టు: పో సామీ. సౌతాఫ్రికాలో ఎంత జోరుగా పెరిగిందో అంత జోరుగా తగ్గింది. గవర్నమెంటే నైట్ కర్ఫ్యూని పండగయ్యాక 18కి జరిపింది గదా.

ఒంగోలుగిత్త: కర్ఫ్యూ జరిపారు సరే, కనుమ అయ్యాకే వస్తానని కరోనా ఏమన్నా రాసిచ్చిందా? పోయిన మార్చిలో ఇట్టాగే అంతా అయిపోయిందని పెళ్లిళ్లకి తిరిగాం, మే వచ్చేసరికి బెడ్డు కోసం తెలిసినోళ్లందరికీ ఫోన్లు కొట్టాం.

పెన్నాగట్టు: హైవే మీద హెల్మెట్ లేకుండా పోయేవాడివి నువ్వు చెప్తుండావా భయం గురించి

ఒంగోలుగిత్త: హెల్మెట్ లేకపోతే పగిలేది నా తల. ఇక్కడ రైలెక్కేది ఈయన, తగిలేది ఇంట్లో కూర్చున్న పెద్దాయనకి. రెండూ ఒకటేనా?

చీరాలచిన్నమ్మి: పోయి ఏమన్నా అయితే నువ్వే తెచ్చావంటారు, పోకపోతే ఎవరూ ఏమీ అనరు, అందుకే ఆగిపోడం సేఫ్ అనిపిస్తది. మా అమ్మమ్మ దగ్గరికి రెండేళ్లు జాగ్రత్త జాగ్రత్త అని ఎవరం పోలా. జబ్బు రాలా, నిజమే. కానీ ఇప్పుడు మా అమ్మని కూడా ఎవరమ్మా నువ్వు అంటది, దీన్ని ఎవరి ఖాతాలో రాస్తారు? ఇంకోటి, ఆ 48 గంటల లెక్క రైల్వేది, మీ నాయనది కాదు. ఆయన్ని అడిగారా అసలు?

కావలోడు: అడగలా. టెస్ట్ కిట్లు కొనుక్కుని పోదామనుకుంటుండా.

ఒంగోలుగిత్త: ఒక్క గీతే వచ్చింది, నెగెటివే అని సంబరపడబాక. రైల్లో అంటుకుంటే దిగిన పూట ఏ కిట్టూ పట్టదు, రెండు మూడు రోజులాగి మళ్లీ చెయ్యి.

కావలోడు: నాయనకి ఫోన్ చేసినా. నన్నడక్కుండా నా గురించి ఊరంతా పంచాయితీ పెట్టినావా అని కసిరాడు. మిద్దె మీద గదిలో పడుకోండి, మూడు రోజులు నా దగ్గరికి రాబాకండి, పిల్లోళ్లని కింద నించి చూస్తా అన్నాడు. మూడు రోజులంటే పండగే అయిపోతది గదా అంటే సెలవు పెంచుకో అన్నాడు. కోవిసెల్ఫ్ టెస్ట్ కిట్టు ఒక్కోటి 250, ఎనిమిది తెచ్చినా. మేనేజరుకి ఇంకా చెప్పలా.