పీఎస్‌పీలో సైలెంట్ హిల్ ఆరిజిన్స్: ముందు ఇది ఆడాలా, 1999 నాటిది ఆడాలా?

రాత్రిబస్సు:
అందరికీ నమస్కారం. పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో పీఎస్‌పీ కొన్నాను, అదే సోనీ వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్, మొట్టమొదటి మోడల్, కాస్త లావుగా ఉండేది. అమ్మినాయన దాంతోపాటు నాలుగు యూఎండీలు, అంటే దాని బుల్లి గేమ్ డిస్కులు, చేతిలో పెట్టాడు. మూడు కార్ల రేసులు, నాలుగోది సైలెంట్ హిల్ ఆరిజిన్స్. ఈ హారర్ గేమ్‌ల సిరీస్‌లో నేను ఇంతవరకూ ఒక్కటీ ఆడలేదు. ప్రీక్వెల్ అంటే కథ ఇక్కణ్ణుంచే మొదలు కదా అని నిన్న రాత్రి లైట్లు తీసేసి కూర్చున్నా.

లారీ డ్రైవర్ ట్రావిస్, తగలబడుతున్న ఇల్లు, లోపల కాలిపోయిన పిల్ల... అక్కడిదాకా ఊపిరి బిగబట్టి ఆడాను. ఆల్కెమిల్లా ఆస్పత్రిలోకి వెళ్లాకే తలనొప్పి మొదలైంది. కాఫ్‌మన్ అని ఓ డాక్టర్ వచ్చి రెండు ముక్కలు మాట్లాడి పోతాడు, ఆయనెవరో నాకు ముందే తెలిసి ఉండాలన్నట్టు చూపిస్తారు. మీదికొచ్చే రాక్షసి నర్సుల్ని కొడదామంటే చేతిలో ఉన్నది నాలుగు దెబ్బలకే విరిగిపోతోంది. పైగా స్క్రీన్ ఎంత చీకటిగా ఉందంటే గోడేదో తలుపేదో తెలియక పది నిమిషాలు ఒకే కారిడార్‌లో తిరిగా. ఇలాగే కానివ్వనా, ఆపేసి 1999లో వచ్చిన మొదటి భాగం వెతుక్కోనా?

తుప్పుతలుపు:
ఆపెయ్ తమ్ముడూ. నిజంగా చెబుతున్నా, ఆపెయ్.

ఆరిజిన్స్ వచ్చింది 2007లో, మొదటి గేమ్ వచ్చిన ఎనిమిదేళ్లకు. కథాకాలం వెనకదే అయినా, ఆ మొదటి గేమ్ ఆడి దాన్ని మర్చిపోలేని వాళ్లను దృష్టిలో పెట్టుకునే రాశారు. కాఫ్‌మన్, కాలిపోయిన ఆ పిల్ల ఆలెస్సా, వాళ్లమ్మ డాలియా, వీళ్లెవర్నీ పరిచయం చెయ్యరు, మనకు తెలుసనే అనుకుంటారు. ఇంకాసేపటికి లీసా అని ఓ నర్సు కనిపిస్తుంది. చలాకీగా ఉంటుంది, నవ్వుతూ మాట్లాడుతుంది. నీకది మామూలు సీనే. పాతది ఆడి ఆ పిల్ల గతేమవుతుందో తెలిసినవాడికి మాత్రం ఆ నవ్వు చూస్తే కడుపులో దేవుతుంది. స్పాయిలర్ కాబట్టి ఇంతకంటే చెప్పను. ఈ గేమ్‌లో అసలు భయం రాక్షసుల్లో లేదు, మనకు ముందే తెలిసిపోయిన దాంట్లో ఉంది. అది లేకుండా ఆడితే నీ చేతికి మిగిలేది విరిగిపోయే కర్రలే.

మామిడితాండ్ర:
కథ గొడవ మీరు తేల్చుకోండి, నేను ఆట సంగతి చెప్తా.

ముందు స్క్రీన్. ఆ పాత మోడల్లో ఛార్జర్ పెట్టి ఉంటేనే బ్రైట్‌నెస్ చివరి మెట్టు వరకూ వెళ్తుంది, బ్యాటరీ మీద వెళ్లదు. మీ అవస్థలో సగం అక్కడే ఉంది, వైరు పెట్టుకుని ఆడండి. ఇంకోటి, ఆ స్క్రీన్ మీద చీకట్లో ఏది కదిలినా వెనకాల ఓ మరక సాగినట్టుంటుంది. అది గేమ్ తప్పు కాదు, ఆ ఎల్‌సీడీ గుణమే అంత. హెడ్‌ఫోన్స్ మాత్రం తప్పనిసరి, ఈ గేమ్‌కి సంగీతం ఇచ్చిన యామవోకా పనితనాన్ని ఆ బుల్లి స్పీకర్లలో వింటే పాపం తగులుతుంది. ఇంకా రాక్షసులు దగ్గరికొస్తే వచ్చే రేడియో గరగర ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు పెరుగుతుందో చెవిలో వినబడుతూ ఉండాలి, కంటితో వెతుక్కునే ఆట కాదిది.

కొట్లాట గురించి. అందర్నీ కొట్టకండి బాబూ! ఆ కారిడార్‌లో నర్సుని చంపితే మీకు వచ్చేదేమీ లేదు, పోయేది ఆయుధం. టార్చ్ ఆపేసి పక్కనుంచి జారుకోవచ్చు, పరిగెత్తినా చాలాసార్లు వదిలేస్తారు. తప్పనప్పుడు పిడికిళ్లు వాడండి, అవి విరగవు. మీద పడి పట్టుకుంటే స్క్రీన్ మీద ఓ బటన్ గుర్తు వస్తుంది, కంగారు పడకుండా అదే నొక్కాలి. కంగారులో నేను నాలుగుసార్లు ట్రయాంగిల్ బదులు సర్కిల్ నొక్కి చచ్చాను. కెమెరా తిరగట్లేదని చాలామంది తిట్టుకుంటారు, దీనికి రెండో స్టిక్ లేదు మరి. ఎల్ బటన్ నొక్కితే కెమెరా ట్రావిస్ వెనక్కి వస్తుంది, మూల తిరిగిన ప్రతిసారీ అలవాటుగా నొక్కేయండి.

దారి మూసుకుపోయిందనిపిస్తే అద్దం దగ్గరికి వెళ్లండి. అద్దం మీద చెయ్యి పెడితే తుప్పూ రక్తమూ నిండిన అవతలి ఆస్పత్రిలో తేలతారు, ఇక్కడ తాళం వేసిన గది అక్కడ తెరిచి ఉంటుంది. మిగతా భాగాల్లో ఆ లోకం దానంతటదే వచ్చి మీద పడుతుంది, ఇందులో మనమే చేతులారా వెళ్లాలి. వెళ్లాలని తెలిసీ అద్దం ముందు నిలబడి ఓ నిమిషం ఆగేవాణ్ణి నేను.

పెరుగావడ:
తుప్పుతలుపు గారితో నేను ఒప్పుకోను. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఈ సిరీస్ మొదలుపెట్టింది దీంతోనే. రూమ్మేట్ పడుకున్నాక దుప్పటి కప్పుకుని లోపల పీఎస్‌పీ పెట్టుకుని ఆడేదాన్ని. కాఫ్‌మన్ ఎవరో తెలియకపోతే నష్టమేంటండీ, ట్రావిస్‌కీ తెలియదుగా! ఈ కథలో ఆలెస్సాది సగమే. మిగతా సగం ట్రావిస్ చిన్నతనం, వాళ్ల అమ్మ, వాళ్ల నాన్న. తర్వాత వచ్చే పిచ్చాసుపత్రీ మోటెలూ ఆ అమ్మానాన్నల కథ చుట్టూనే తిరుగుతాయి, దానికి పాత గేమ్ అక్కర్లేదు. నేను దీని తర్వాత 1999 నాటిది ఆడా, అప్పుడు అక్కడ లీసా కనబడితే నాకు ఏడుపొచ్చింది. అటునుంచి వచ్చినా ఇటునుంచి వచ్చినా దెబ్బ తగులుతుంది, తగిలే చోటే మారుతుంది.

అన్నట్టు ఇదే 2008లో పీఎస్2కి, అంటే టీవీకి తగిలించే ప్లేస్టేషన్ 2కి కూడా ఇచ్చారు. అందులోనూ ఆడా, అంత ఎక్కలేదు. చేతిలో పట్టుకుని మొహానికి జానెడు దూరంలో చూసే భయం పెద్ద టీవీలో రాలేదు నాకు. ఒక్కటి మాత్రం అందరూ ఒప్పుకోవాలి, ఆయుధాలుగా వాడే మూడు టీవీలూ ఓ టైప్‌రైటరూ ట్రావిస్ ఆ జాకెట్లో ఎక్కడ దాస్తాడో ఎవరైనా చెప్పండి నాకు.

తుప్పుతలుపు:
@పెరుగావడ, దుప్పట్లో ఆడిన మనిషితో నేను వాదించలేను 😄 సరే, నీ మాటలో న్యాయం ఉంది. అయినా ఎవరైనా అడిగితే నా వరస అదే: మొదటిది, తర్వాత ఇది, ఆ పైన మూడోది. మూడోది మొదటిదానికి నేరుగా కొనసాగింపు కాబట్టి.

తమ్ముడూ, ఓ జాగ్రత్త. అంత పాత బ్యాటరీలు ఉబ్బుతాయి. వెనక మూత సరిగ్గా కూర్చోకుండా ఎత్తుగా కనిపిస్తే వెంటనే తీసెయ్, దాంతో ఛార్జ్ పెట్టకు. కొత్తది కొనేటప్పుడు లావు మోడల్‌దని అడుగు, అది 1800 ఎంఏహెచ్. సన్న మోడల్ బ్యాటరీ 1200దే.

రాత్రిబస్సు:
అందరికీ థాంక్స్. అన్నా, మూత చూశాను, మీరు చెప్పినట్టే ఓ పక్క లేచి ఉంది! బ్యాటరీ తీసి బయట పెట్టేశా. ఇప్పుడు బ్యాటరీ లేకుండా ఛార్జర్ మీదే నడుస్తోంది, బ్రైట్‌నెస్ కూడా పెరిగింది, కాబట్టి ఒకందుకు మంచిదే అయింది. పిడికిళ్ల సలహా పనిచేసింది, అద్దం కూడా దొరికింది. అవతలి వైపు ఆపరేషన్ గది దాకా వెళ్లా.

పెరుగావడ గారి మాటే విని ఇదే కొనసాగిస్తున్నా. ఒక్క చిక్కుంది, నిన్న తలుపు తీసే ముందు లోపల యూఎండీ గిర్రున తిరిగిన చప్పుడు వినబడింది. ఏదో లోడవుతోందని, అంటే అవతల ఏదో ఉందని తెలిసిపోయింది. తలుపు తియ్యాలో వద్దో తేల్చుకునేలోగా మా అమ్మ కాలు తగిలి వైరు ఊడిపోయింది. బ్యాటరీ లేదుగా, మొత్తం ఆఫ్. సేవ్ చేసి గంటన్నర అయింది.