పెన్షన్ మీద ఆదాయపు పన్ను రిటర్న్ వేయనంటున్న నాన్నగారిని ఒప్పించేదెలా?

నాన్నగారు రిటైరైన ప్రభుత్వ టీచర్, వయసు 68. 2025-26లో పెన్షన్ నెలకు 52 వేలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ 1.4 లక్షలు. వడ్డీలో బ్యాంకు 14 వేలు టీడీఎస్ (ముందుగానే కోసే పన్ను) కింద పట్టుకుంది. కొత్త పన్ను విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ (పెన్షన్‌లోంచి నేరుగా తీసేసే మొత్తం), 87ఎ రిబేటు (పరిమితిలోపు ఆదాయానికి పన్ను మాఫీ) పోను పన్ను సున్నా. రిటర్న్ వేస్తే ఆ 14 వేలూ వెనక్కి వస్తాయి. ఆదాయం 4 లక్షలు దాటింది కాబట్టి వేయక తప్పదు కూడా.

ఆయన ససేమిరా అంటున్నారు. "సర్వీసంతా జీతం మీద కట్టాను, మళ్లీ పెన్షన్ మీదేమిటి? రిటర్న్ వేస్తే ఈ పన్ను న్యాయమేనని ఒప్పుకున్నట్టే" అంటారు. పెన్షన్ దయాదానం కాదని 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఎత్తుతారు. ఆ బాధ నాకూ అర్థమవుతుంది, కానీ చట్టం పెన్షన్‌ను జీతం కిందే లెక్కిస్తుంది. కాగితం మీద లెక్క వేసి చూపించాను, ఆడిటర్‌తో మాట్లాడించాను. కదల్లేదు.

మొదట ఇలాగే పట్టుబట్టి, తర్వాత రిటర్న్ వేసిన పెన్షనర్లు ఎవరైనా ఉంటే చెప్పండి: మిమ్మల్ని ఒప్పించిన మాట ఏమిటి?