తొమ్మిది, పది చదివే పిల్లలకు చావుతో ముగిసే నవలలు అవసరమా?

సత్యనారాయణపురం నాన్న:
మా పాప తొమ్మిదో తరగతి. స్కూల్లో రీడింగ్ క్లబ్ అని చెప్పి జాన్ గ్రీన్ నవల 'ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్' (2012) చదివించారు. హేజెల్ అని క్యాన్సరున్న పిల్ల, క్యాన్సరున్న పిల్లాడు, ప్రేమ, చివరికి పిల్లాడు పోతాడు. అది చదివినప్పటి నుంచి ఇది సరిగ్గా అన్నం తినట్లేదు. ఈ వయసులో ధైర్యం నూరిపోయాలి గానీ ఇదేంటండీ?

ఏలూరురోడ్డు పుస్తకాలపురుగు:
చిలక పీక నులిమి మాయలఫకీరుని చంపే కథ విని మనం హాయిగా నిద్రపోయాం కదా :)

బ్రాడీపేట మాస్టారు:
అసలది ట్రాజెడీయే కాదు. జబ్బుతో పోవడం దురదృష్టం, అంతే. అరిస్టాటిల్ ప్రకారం మంచివాడే ఏదో పొరపాటు చేసి పతనం కావాలి. ట్రాజెడీ కావాలంటే 1967లో హింటన్ రాసిన 'ది అవుట్‌సైడర్స్' ఇవ్వండి. స్నేహితుణ్ణి కాపాడబోయి జానీ హత్య చేస్తాడు. తర్వాత మంటల్లోంచి పిల్లల్ని బయటికి తెచ్చి ఆ గాయాలతో పోతాడు. రాసినమ్మాయికీ అప్పటికి టీనేజే.

సత్యనారాయణపురం నాన్న:
మాస్టారూ, నిర్వచనాలు నాకెందుకు? మా ఇంట్లో పిల్ల ఏడుస్తోంది.

కృష్ణలంక కామాక్షి:
ఏడిస్తే ఏమైందండీ? పుత్తడిబొమ్మ పూర్ణమ్మ పద్యం మా అమ్మ పాడుతుంటే నేనూ ఏడ్చాను. గురజాడ దాన్ని ముసలివాళ్ల కోసం రాశాడా?

సత్యనారాయణపురం నాన్న:
పూర్ణమ్మ వేరు. డబ్బుకు ఆశపడి ముసలాడికి కట్టబెట్టారు, తప్పెవరిదో తెలుస్తుంది, కోపం వస్తుంది. ఇందులో ఎవరి మీద కోప్పడాలి? ఎవరూ ఏ తప్పూ చేయలేదు, అయినా పోయాడు. పిల్లలకు నేర్పాల్సింది ఇదేనా?

కృష్ణలంక కామాక్షి:
అవును, ఇదే. కేథరిన్ పేటర్సన్ 'బ్రిడ్జ్ టు టెరబితియా' (1977) అలా పుట్టిందే. ఆవిడ కొడుకు స్నేహితురాలు పిడుగుపడి చనిపోయింది. ఆ దుఃఖంలోంచి రాశారు. నవల్లో తాడు తెగి పిల్ల వాగులో పడిపోతుంది. తాడు మీద కోప్పడతారా? మన అభిమన్యుడు మాత్రం ఏం తప్పు చేశాడు?

బ్రాడీపేట మాస్టారు:
చేశాడమ్మా. బయటికి రావడం తెలియకుండా వ్యూహంలోకి వెళ్లాడు. అదే నేను చెప్పే పొరపాటు.

ఏలూరురోడ్డు పుస్తకాలపురుగు:
పంపింది పెద్దవాళ్లు మాస్టారూ!

బెంజిసర్కిల్ బ్యాక్‌బెంచర్:
నేను ఇంటర్ ఇక్కడే హాస్టల్లో చదివాను, పేరు అనవసరం. మెట్ల దగ్గర ర్యాంకుల షీటు, దాని పైన గోడ మీద 'కష్టపడితే ఎవరైనా సాధిస్తారు' అని ఎర్ర పెయింటు. మా గదిలోవాడు రాత్రి ఒంటిగంట దాకా చదివేవాడు. అయినా ఆ షీట్లో అడుగునే ఉండేవాడు. ఒకరోజు పొద్దున్నే వాడి పరుపు చుట్టేసి ఉంది. ఇంటికెళ్లిపోయాడన్నాడు వార్డెన్. తర్వాత వాడి పేరు ఎవరూ ఎత్తలేదు. ఆ గోడ మీది మాట ప్రకారం వాడు కష్టపడనట్టేగా? సుఖాంతం కథలంటే నాకు గుర్తొచ్చేది ఆ గోడే.

సత్యనారాయణపురం నాన్న:
హాస్టళ్ల మీద అక్కసు ఇక్కడ వెళ్లగక్కకండి. మేం పాపకు సీటు మాట్లాడుకున్నాం. మీలాంటివాళ్ల మాటలు వినే పిల్లలు భయపడుతున్నారు.

కృష్ణలంక కామాక్షి:
అదీ సంగతి! నవల సాకు. పాప ఏమడిగిందో చెప్పండి ముందు.

సత్యనారాయణపురం నాన్న:
ఎంత చదివినా ర్యాంకు రాకపోతే ఏంటి నాన్నా అంది. ఎందుకు రాదమ్మా, వస్తుంది అన్నాను. 'ఆ హేజెల్ వాళ్ల నాన్న కూతురి ముందే ఏడ్చేస్తాడు. నువ్వేమో అన్నిటికీ వస్తుందిలే అంటావు' అంది. ఇప్పుడు నన్నేం చేయమంటారు? రాకపోవచ్చు అని నా నోటితో అంటే పుస్తకం ముట్టుకుంటుందా?

బెంజిసర్కిల్ బ్యాక్‌బెంచర్:
మా గదిలోవాడికి ఆ మాట ఒక్కరు చెప్పుంటే బాగుండేదండీ.

సత్యనారాయణపురం నాన్న:
మీ పిల్లలకు మీరు చెప్పుకోండి. నేను చెప్పను. ఆశ లేకుండా ఎవరూ చదవరు.

కృష్ణలంక కామాక్షి:
ఆశ వేరు, గ్యారంటీ వేరు. మీరిచ్చేది గ్యారంటీ. రేపు రాకపోతే అది తనను తానే తిట్టుకుంటుంది, మిమ్మల్ని కాదు.

సత్యనారాయణపురం నాన్న:
చూద్దాం. క్లబ్ మాన్పిద్దామంటే వాళ్లమ్మ ఒప్పుకోవట్లేదు, అది వేరే తలనొప్పి.

బ్రాడీపేట మాస్టారు:
మాన్పించకండి. హింటన్ నవల పాత కాపీ నా దగ్గరుంది, గుంటూరు వస్తే తీసుకెళ్లండి. అభిమన్యుడి సంగతి మాత్రం ఇంకా తేలలేదు.