కరువు చిత్రాలను కళగా చూడాలా, ప్రచారంగా చూడాలా?

ప్రశ్న (చిత్రకళ విద్యార్థిని):
అందరికీ నమస్కారం. 1943 నాటి బెంగాల్ కరువును గీసిన చిత్రకారుల మీద వ్యాసం రాస్తున్నాను. చిత్తప్రసాద్ భట్టాచార్య ఆ ఏడాది నవంబరులో మిడ్నపూర్ జిల్లా ఊళ్లు తిరిగి గీసిన బొమ్మలతో, రాసిన వివరాలతో ‘హంగ్రీ బెంగాల్’ అనే చిన్న పుస్తకం వెలువడిందనీ, బ్రిటిష్ ప్రభుత్వం దాదాపు 5,000 ప్రతులను జప్తు చేసి తగలబెట్టించిందనీ చదివాను. అవి వార్తకు తోడుగా వేసిన బొమ్మలే తప్ప కళ కాదని మా తరగతిలో కొందరు గట్టిగా వాదించారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు గానీ, ఎదురు వాదనను ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

జవాబు (చరిత్ర అధ్యాపకుడు):
అమ్మా, ఆ ప్రభుత్వం ఏం దాచాలనుకుందో అక్కడ మొదలుపెట్టండి. 1942లో బర్మా జపాను వశమై అక్కడి బియ్యం ఆగిపోయింది. శత్రువుకు దక్కకూడదని తీరప్రాంతంలో పడవలనూ ధాన్యాన్నీ ప్రభుత్వమే జనం చేతుల్లోంచి తీసేసుకుంది. అక్టోబరులో మిడ్నపూర్ తీరాన్ని పెనుతుపాను ముంచెత్తింది, యుద్ధవ్యయం వల్ల ధరలు కూలివాడికి అందనంత ఎత్తుకు పోయాయి. సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. అయినా కరువు నియమావళి ప్రకారం కరువు వచ్చిందని ప్రకటించడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఎందుకంటే ప్రకటిస్తే సహాయం చేయవలసిన బాధ్యత మీద పడుతుంది. కరువే లేదని పాలకులు అంటున్న వేళ, చిత్తప్రసాద్ తాను గీసిన మనుషుల పేర్లూ ఊళ్లూ రాసి పెట్టాడు. అది సామ్రాజ్యం మీద నమోదైన సాక్ష్యం. ఉత్త వార్తాచిత్రాలే అయితే తగలబెట్టేంత భయం దేనికి?

జవాబు (చిత్రకారుడు):
పై మాటతో ఏకీభవిస్తూనే, గీత గురించి కూడా రాయమని కోరుతున్నాను, ఎందుకంటే కళ కాదన్నవారికి సమాధానం అక్కడే ఉంది. జైనుల్ ఆబెదీన్ కరువు చిత్రాలను చూడండి: చవక కాగితం, నల్లని సిరా, కుంచెతో లాగిన కొద్దిపాటి గీతలు. నేల మీద పడి ఉన్న తల్లీబిడ్డలు, పక్కన కాకులు, చుట్టూ ఏమీ లేని ఖాళీ. ఇళ్లూ చెట్లూ గీసి ఉంటే మన కన్ను వాటి మీదికి తప్పుకునేది, ఆ అవకాశం ఆయన ఇవ్వలేదు. ఆ నిర్ణయం చిత్రరచనా నైపుణ్యానికి సంబంధించినది. చిత్తప్రసాద్ గీత వేరు, మరింత బరువైనది. ఆయన వెంట తిరిగి నేర్చుకున్న సోమనాథ్ హోర్, ఆ తరువాత దశాబ్దాల పాటు గాయాన్నే తన కళకు వస్తువుగా చేసుకున్నాడు.

జవాబు (గుంటూరు నుంచి):
మీ వ్యాసంలో ఒక పేరా మన ప్రాంతానికి కూడా కేటాయించండి. ప్రజానాట్యమండలి తరఫున షేక్ నాజర్ బెంగాల్ కరువును బుర్రకథగా చెప్పారు. ఆ బొమ్మలు చూడని పల్లె జనానికి కూడా కథ ద్వారా ఆ ఆకలి తెలిసింది. ఇంకొక విషయం: చిత్తప్రసాద్ కుటుంబం దాచుకున్న ఒక ప్రతి మంటకు చిక్కలేదు. దాని ఆధారంగానే 2011లో ఢిల్లీ ఆర్ట్ గ్యాలరీ ఆ పుస్తకాన్ని యథాతథంగా తిరిగి అచ్చువేసింది. వ్యాసం రాసే ముందు దాన్ని సంపాదించి, మొదట బొమ్మలను, తరువాత వాటితో ఉన్న మాటలను చదవండి.