“ఒత్తు కాలితో”నా, “ఎత్తు కాలితో”నా?

చుక్కాని: చిన్న విమానాల గ్రౌండ్ క్లాసుల్లో చెప్పుకునే మాట ఒకటి సగమే గుర్తొచ్చి వేధిస్తోంది. “ఒరిగిన రెక్కను చేత తిప్పకు, –త్తు కాలితో.” ఆ అక్షరం “ఒ”నా, “ఎ”నా? సెస్నా 172 లాంటిది స్టాల్ (గాలి తగిలే కోణం మితిమీరి రెక్కకు లేపే బలం పడిపోవడం) అంచున నెమ్మదిగా పోతున్నప్పటి సంగతి.

తోకచక్రం: “ఎత్తు”. వ్యాకరణమే చెబుతోంది కదండీ, “రెక్కను” అన్నాక “ఎత్తు” అనాలి, రెక్కను ఒత్తడం ఏమిటి? పని చూసినా అంతే. ఎడమ రెక్క వాలిందని చేతిలోని చక్రాన్ని కుడికి తిప్పితే ఎడమ ఎయిలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) కిందికి దిగుతుంది. ఆ రెక్క కొన దగ్గర గాలి తగిలే కోణం ఇంకా పెరుగుతుంది. అప్పటికే స్టాల్ అయ్యే 15, 16 డిగ్రీల దగ్గరున్న రెక్క అది. లేవాల్సింది పోయి స్టాల్ అవుతుంది, డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) పెరిగి ముక్కును ఎడమకే లాగుతుంది. అదే తోక మీది రడ్డర్ పలకను తిప్పే కుడి పెడల్ తొక్కితే ఎడమ రెక్క ముందుకు జరిగి, దాని మీద గాలి వేగం పెరిగి లేస్తుంది. ఎత్తేది కాలే.

యతిమైత్రి: ప్రాసతో తేలదు, ద్విత్వ తకారం రెండింటికీ ఉంది. యతి చూడండి. “ఒరిగిన” అని మొదలైతే విరుపు దగ్గర “ఒత్తు” పడాలి. ఒకారానికి ఉ, ఊ, ఒ, ఓలతోనే మైత్రి, ఎకారంతో కుదరదు.

తోకచక్రం: సామెతకు యతి ఏమిటండీ!

గాలివాలు: యతి సంగతి పక్కన పెట్టినా “ఒత్తు”కే నా ఓటు. పెడల్‌తో రెక్కను ఎత్తడం పాత పాఠం. ఎత్తాలని గట్టిగా తొక్కితే ముక్కు కుడికి తిరుగుతుంది, ఈసారి కుడి రెక్క వెనకబడి స్టాల్ అవుతుంది, స్పిన్ (సుడి తిరుగుతూ పడిపోవడం) కుడివైపు మొదలవుతుంది. కాలి పని ముక్కు పక్కకు పోకుండా ఆపడం, అంతవరకే. వరస ఇది: ముందు చక్రం ముందుకు వదిలి కోణం తగ్గించాలి, ముక్కు ఎటు జారుతోందో దానికి ఎదురు పెడల్ సరిపడా, గాలి రెక్కకు పట్టాక ఎయిలరాన్‌తో సమం చేయడం, ఆపైన పవర్. అప్పటికే స్పిన్ మొదలైతే దారి వేరు: థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పెంచి తగ్గించే పిడి) పూర్తిగా మూసి, ఎయిలరాన్ మధ్యలో ఉంచి, తిరిగే దిశకు ఎదురు పెడల్ చివరికంటా, ఆపైన చక్రం ముందుకు. తిరగడం ఆగగానే పెడల్ మధ్యకు తేవాలి. తేకపోతే రెండో వైపు మొదలవుతుంది.

యతిమైత్రి: పోతన గారి గజేంద్రమోక్షణంలో “ధమ్మిల్లముఁ జక్క నొత్తఁడు” గుర్తుందా? చెవుల మీదికి జారిన జుట్టును కూడా సర్దుకోడు. అక్కడ ఒత్తడమంటే జారినదాన్ని చక్కదిద్దడం. గాలివాలు గారు చెప్పిన కాలిపని సరిగ్గా అదే! పైగా ఆ పద్యంలోనే “అభ్రగపతిం బన్నింపఁడు” కూడా ఉంది. గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు. విమానానికి తీగలు, పుల్లీలు అమర్చే పనికి ఆ “పన్ను” క్రియను మళ్లీ వాడుకలోకి తేవాలి. ఎంత చక్కటి మాట! వల పన్నడానికి, కుట్ర పన్నడానికే దాన్ని మిగిల్చాం.

తోకచక్రం: పోతన గారి మీద నాకూ ప్రేమే. కానీ పెడల్‌ని తొక్కుతాం, ఒత్తం. విమానం పక్కకు జారడాన్ని చూపే పరికరంలోని బంతిని చూసి “బంతి ఎటుంటే అటు కాలు తొక్కు” అంటాం. బెల్లు ఒత్తుతాం.

గాలివాలు: ఎర్‌కూప్‌లో (చిన్న విమానం) తొలి రకాలకు అసలు రడ్డర్ పెడల్సే లేవు. 1930ల నాటి ఫ్రెడ్ వైక్ డిజైన్, రడ్డర్ ఎయిలరాన్‌లతో కలిసి చక్రానికే కట్టి ఉంటుంది. ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ కదిపే తోక పలక) పైకి 13 డిగ్రీలకు మించి లేవదు కాబట్టి రెక్క స్టాల్ కోణం దాకా పోదు. ఇక 172లో ఎయిలరాన్ పైకి 20, కిందికి 15 డిగ్రీలు. కిందికి దిగేది తక్కువ ఉండటం ముక్కు పక్కకు లాగడాన్ని తగ్గించడానికే. రెక్కలో 3 డిగ్రీల మెలి కూడా ఉంది, కొన ఆలస్యంగా స్టాల్ అవుతుంది. అందుకే “చేత తిప్పకు” అన్నది కూడా అన్ని విమానాలకూ ఒకే బలంతో వర్తించదు.

నీలిపుట: మీరు రెండు మాటలు కలిపేశారేమో. “కర్రతో వేగం, థ్రాటిల్‌తో ఎత్తు” అని ఇంకోటి ఉంది (కర్ర అంటే చేతి కంట్రోల్), అందులో ఎత్తు నామవాచకం. నెమ్మదిగా పోయేటప్పుడు వేగం సగమైతే అదే కదలికకు కంట్రోల్ బలం నాలుగో వంతే. ముందు మెత్తబడేవి ఎయిలరాన్లు, ప్రొపెల్లర్ గాలి వాటికి అందదు. పవర్ ఉన్నంతసేపు రడ్డర్, ఎలివేటర్ పలుకుతాయి. పవర్ పెంచితే ముక్కు ఎడమకు పోతుంది, కుడి కాలు బలంగా కావాలి. ఆ పాఠంలో ఎత్తు, కాలు పక్కపక్కనే వినబడతాయి.

చుక్కాని: అలాగైతే “రెక్కను” కాదు, “రెక్కకు” అయ్యుంటుందా? “ఒరిగిన రెక్కకు చేత తిప్పకు, ఒత్తు కాలితో”?

తోకచక్రం: “రెక్కకు తిప్పకు” తెలుగేనా అండీ? “ను”యే ఉండాలి.

యతిమైత్రి: షష్ఠికి ద్వితీయ, ద్వితీయకు షష్ఠి వాడుకలో మారుతూనే ఉంటాయి. పాత ప్రయోగాలు వెతికి రేపు పెడతాను.