ప్రొపోలిస్ కిడ్నీని కాపాడుతుందా? ఎలుకల్లో సరే, మనకి?

తేనెపట్టు: ప్రొపోలిస్ అంటే తేనెటీగలు చెట్ల జిగురు తెచ్చి, మైనంతో కలిపి పట్టులో సందులు పూడ్చుకునే బంక. అందులోని ‘కేప్’ అనే పదార్థం, శరీరంలో వాపును రగిలించే ఎన్ఎఫ్-కప్పా-బిని అణుస్తుందని 1996లోనే చూపించారు. కిడ్నీలను దెబ్బతీసే సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు ఎక్కించిన ఎలుకల్లో, కేప్ ఇచ్చినప్పుడు, కిడ్నీలు తక్కువగా దెబ్బతిన్నాయి. ఇంకేం కావాలి?

రాత్రిడ్యూటీ: మనుషులు కావాలి. చాలా ప్రయోగాల్లో ఎలుకకి ముందు మందు పట్టి, తర్వాత విషం ఎక్కిస్తారు. మనకి జబ్బు ముందొస్తుంది, సీసా తర్వాత వస్తుంది.

తేనెపట్టు: మనుషుల్లోనూ చూశారు. 2019, బ్రెజిల్ గ్రీన్ ప్రొపోలిస్, రోజుకి 500 మిల్లీగ్రాములు, 12 నెలలు. కిడ్నీ జబ్బున్న వాళ్ళకి మూత్రంలో పోయే ప్రొటీన్ తగ్గింది.

రాత్రిడ్యూటీ: 32 మంది! బస్సు కూడా నిండదు.

తేనెపట్టు: డబుల్ బ్లైండ్ అండీ, ఎవరికి అసలు మందో ఎవరికి ఉత్తుత్తి మందో రోగికీ తెలియదు, డాక్టర్‌కీ తెలియదు. మీరు తలలు లెక్కపెట్టారు, పద్ధతి చూడలేదు.

గోరింట: మా బాబుకి తొమ్మిది నెలలు. తేనె నాకించొచ్చా?

రాత్రిడ్యూటీ: ఏడాది నిండేదాకా వద్దమ్మా, బొటులిజం అనే విషజబ్బు భయం ఉంది. తేనెపట్టు గారూ, ఆ 32 మందిలోనే ఉన్నారా మీరు, అంత పట్టుదల?

తేనెపట్టు: వెటకారం వద్దు. నా రక్తంలో క్రియాటినిన్ 1.8, కిడ్నీలు సరిగ్గా వడకట్టకపోతే పెరిగేది అదే. ప్రొపోలిస్ మాట ఎత్తగానే డాక్టర్ నవ్వాడు. పేపర్ చూపిస్తానన్నా చూడలేదు. మీ రాతల్లోనూ అదే నవ్వు.

చిటికెడు: ఇద్దరూ కాస్త తగ్గండి.

రాత్రిడ్యూటీ: నవ్వట్లేదండీ. మా అన్నయ్య బీపీ మాత్రలు మానేసి ఈ చుక్కలే వేసుకున్నాడు. ఇప్పుడు డయాలసిస్. మానమని ఎవరూ చెప్పలేదు, ‘సహజం’ అన్న మాటే మాన్పించింది. ప్రొపోలిస్ వాడాక కిడ్నీలు ఫెయిలై, ఆపితే కోలుకుని, మళ్ళీ వాడితే మళ్ళీ దెబ్బతిన్న రోగి గురించి 2005లో రాశారు. అదీ చదవండి.

తేనెపట్టు: ఒక్క రోగి! 32 చాలదన్నది మీరే కదా. అయినా మాత్రలు మానమని నేనెక్కడ అన్నాను?

రాత్రిడ్యూటీ: అనలేదు. ‘ఇంకేం కావాలి’ అన్నారు. మా అన్నయ్య కూడా అదే అనేవాడు.

తేనెపట్టు: నేను మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. ఇది కూడా వాడుతున్నానని డాక్టర్‌కి చెప్పలేదు, అంతే. చెబితే మళ్ళీ నవ్వుతాడు.

రాత్రిడ్యూటీ: ఎప్పటి నుంచి?

తేనెపట్టు: మార్చి.

రాత్రిడ్యూటీ: మార్చికి ముందు క్రియాటినిన్ ఎంత?

తేనెపట్టు: 1.6. అది జబ్బు వల్ల పెరిగిందీ కావచ్చు కదా.